కొంచెం క్షమాపణ పొందినవాడి ప్రేమ కొంచెమేనా? విశ్వాసుల ఇంట పుట్టినవాళ్ళ సంగతేమిటి?

మూడోతరం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. లూకా 7వ అధ్యాయం గురించి అడుగుతున్నాను. పరిసయ్యుడైన (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గంవాడైన) సీమోను ఇంట్లో యేసు భోజనానికి కూర్చున్నాడు. ఆ ఊళ్ళో పాపాత్మురాలని పేరుపడిన ఒక స్త్రీ వచ్చి ఆయన పాదాలను కన్నీళ్ళతో తడిపింది, తలవెంట్రుకలతో తుడిచింది, ముద్దు పెట్టుకుని అత్తరు పూసింది. సీమోను మనసులోనే సణుక్కున్నాడు. అప్పుడు ప్రభువు అతనికి ఇద్దరు ఋణస్థుల కథ చెప్పాడు. ఒకడిది 500 దేనారాల (అప్పటి వెండి నాణేల) అప్పు, ఇంకొకడిది 50. ఇద్దరికీ మాఫీ అయింది. ఎవడు ఎక్కువ ప్రేమిస్తాడని అడిగితే, ఎక్కువ మాఫీ అయినవాడే అని సీమోనే ఒప్పుకున్నాడు. ఆ మాటల చివర ప్రభువు అన్నది ఇది: "ఎవనికి కొంచెముగా క్షమింపబడునో, వాడు కొంచెముగా ప్రేమించును."

ఈమధ్య ఒక యూత్ కూడికలో ప్రసంగీకుడు ఈ వాక్యం తీసుకుని, లోకంలో పడి లేచినవాడికే క్రీస్తు ప్రేమ తెలుస్తుందని, పుట్టుక క్రైస్తవులకు అది అందదని గట్టిగా చెప్పారు. మా తాతయ్య కాలంలో మా ఇంటికి సువార్త వచ్చింది. నేను సండే స్కూల్లో పెరిగాను. తాగలేదు, ఎవరినీ మోసం చేయలేదు, ఇల్లు వదిలి పోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ లెక్కన నేను 50 దేనారాల మనిషిని. నా ప్రేమకు పుట్టుకతోనే ఒక హద్దు గీసి ఉందా? నా మనసు కాదంటోంది, కానీ వాక్యం చూస్తే అలాగే ఉంది. దయచేసి పైపైన ధైర్యం చెప్పకుండా వాక్యం నుంచి జవాబు ఇవ్వండి.

ఒంగోలు బాప్టిస్టు

ప్రైజ్ ద లార్డ్ తమ్ముడూ. నీకు నచ్చకపోయినా చెప్తాను, ఆ ప్రసంగీకుడు అన్నదాంట్లో నిజం ఉంది. నేను సారాకు బానిసనై పన్నెండేళ్ళు భార్యాబిడ్డల్ని ఏడిపించినవాణ్ణి. ప్రభువు నన్ను ఎక్కడినుంచి లేపాడో నాకు తెలుసు, మా వీధికీ తెలుసు. మా సంఘంలో తెల్లవారుజామున ప్రార్థనకు వచ్చేది ఎవరు? ఆసుపత్రిలో దిక్కులేని రోగి దగ్గర రాత్రంతా కూర్చునేది ఎవరు? ఎక్కువమంది నాలాంటివాళ్ళే. తాతల నాటి క్రైస్తవులు క్రిస్మస్‌కి, పెళ్ళిళ్ళకి ముందు వరసలో ఉంటారు. కోపంతో అనడం లేదు, బాధతో అంటున్నాను. వాక్యం ఉన్నదున్నట్టు చెప్పింది. మనం ఎందుకు మెత్తబరచాలి?

గుంటూరు లూథరన్

సోదరులారా, ఇద్దరూ 500, 50 అనే అంకెల దగ్గరే ఆగిపోయారు. ఆ వెంటనే ఉన్న మాట చదవండి: "ఆ అప్పు తీర్చుటకు వారియొద్ద ఏమియు లేనందున అతడు వారిద్దరిని క్షమించెను." కథ అంతా ఈ మాట మీద నిలబడింది. దేనారం అంటే మత్తయి 20లో ద్రాక్షతోట కూలివాడి ఒక రోజు కూలి. 50 అంటే సుమారు రెండు నెలల పని, 500 అంటే ఏడాదిన్నర. తేడా ఉంది, కాదనను. కానీ చేతిలో ఏమీ లేనివాడికి రెండూ తీరని అప్పులే. యాభై దేనారాలవాడికి నలభై తొమ్మిది ఉండి ఒక్కటి తగ్గిందని కథలో లేదు.

ఇక సీమోనును చూడండి. అతను కొంచెం ప్రేమించాడా? అసలు ప్రేమించినట్టే కనబడదు. ఇంటికి పిలిచిన అతిథికి కాళ్ళకు నీళ్ళివ్వలేదు, ముద్దు పెట్టుకోలేదు, తలకు నూనె అంటలేదు. ప్రభువు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. అతని ఇబ్బంది అప్పు చిన్నదవడం కాదు, తనకు అప్పే లేదనుకోవడం. కాబట్టి మూడోతరం గారూ, మీరు అడగవలసింది నా పాపాలు ఎన్ని అని కాదు. నా చేతిలో తీర్చడానికి ఏమైనా ఉందా అని.

పౌలునే తీసుకోండి. ఫిలిప్పీ 3లో ధర్మశాస్త్రం వలన వచ్చే నీతి విషయంలో తాను అనింద్యుడనని రాశాడు. అదే మనిషి తిమోతికి రాస్తూ పాపులలో ప్రధానుడను అన్నాడు. సంఘాన్ని హింసించిన నేరం ఉంది, నిజమే. కానీ ఆ హింస కూడా అతను తాగి చేసింది కాదు, దేవుని పని చేస్తున్నానని నమ్మి చేసింది. అతని నీతే అతని పాపానికి చోటిచ్చింది. బయటికి మచ్చ లేని జీవితం కింద ఎంత అప్పు దాగి ఉంటుందో పౌలుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఒంగోలు బాప్టిస్టు

అయ్యగారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ రెండు అప్పులూ ఒకటే అయితే ప్రభువు రెండు అంకెలు ఎందుకు చెప్పాడు? "ఎవడు అతని ఎక్కువగా ప్రేమించును" అని ఎందుకు అడిగాడు? అంకెల్ని తుడిచేస్తే ఆ స్త్రీ కన్నీళ్ళనే తుడిచేసినట్టు. ఆమెకు దక్కిన క్షమాపణ విస్తారమైనదని ప్రభువే అన్నాడు. అందరం పాపులమేగా అని ఒక్క మాటలో తేల్చేస్తే, అందరం అంతే కదా అని చల్లబడిపోతాం. మా పల్లెల్లో మూడో తరానికి జరిగింది అదే.

ఫిరంగిపురం

నేను కథోలిక సంఘం నుంచి. మాలో వరప్రసాదం అంటాం, మీరు కృప అంటారు. మాట్లాడుతున్నది ఒకదాని గురించే అనుకుని రాస్తున్నాను.

మూడోతరం అడిగిన ప్రశ్ననే సరిగ్గా ఇదే వాక్యం దగ్గర ఒక అమ్మాయి అడిగింది. లిసియూ పట్టణపు చిన్న తెరేసమ్మ, 1873లో ఫ్రాన్స్‌లో పుట్టింది. భక్తిగల ఇల్లు. 15 ఏళ్ళకే కార్మెల్ మఠంలో చేరింది, 24 ఏళ్ళకు క్షయతో చనిపోయింది. చిన్ననాటి నుంచి తను ఏ పెద్ద పాపమూ చేయలేదని పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) విన్న గురువే ఆమెకు చెప్పాడు. మరి కొంచెం క్షమాపణ పొందినవాళ్ళు కొంచెమే ప్రేమిస్తారు కదా? ఆమె తన జీవితం రాసుకున్న పుస్తకంలో ఒక పోలికతో దీనికి జవాబు చెప్పుకుంది. ఒక వైద్యుడి కొడుకు దారిలో రాయి తగిలి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. తండ్రి పరుగెత్తుకొచ్చి కట్టు కట్టి బాగుచేస్తాడు. కొడుకు తండ్రిని ప్రేమిస్తాడు. ఇంకో కొడుకు నడవబోయే దారిలో రాయి ఉందని తండ్రికి ముందే తెలుస్తుంది. ఎవరూ చూడకుండా వెళ్ళి దాన్ని తీసేస్తాడు. ఆ కొడుక్కి ఏమీ తెలియదు కాబట్టి తండ్రి మీద ప్రత్యేకంగా ప్రేమా కలగదు. కానీ జరిగింది తెలిసిన రోజున? మొదటివాడికంటే ఎక్కువ ప్రేమించడా? నాకు కొంచెం కాదు, అంతా క్షమించాడు, అదీ ముందుగానే క్షమించాడు అని ఆమె రాసుకుంది. 1997లో మా సంఘం ఆమెను సంఘ ఆచార్యుల్లో ఒకరిగా ప్రకటించింది.

ఆమెకంటే పదిహేను వందల ఏళ్ళ ముందు బిషప్పు అగస్టీను కూడా ఇలాంటిదే రాశాడు. యౌవనంలో దారి తప్పి తిరిగి వచ్చినవాడు ఆయన. నన్ను బాగుచేసిన వైద్యుడే నిన్ను జబ్బు పడకుండా కాపాడాడు, కాబట్టి నువ్వు ఆయన్ని నాకంటే తక్కువ ప్రేమించడానికి వీల్లేదు అని, తనలా పడనివాళ్ళకు చెప్తాడు. అంటే 500 దేనారాల మనిషే 50 దేనారాల మనిషి తరఫున సాక్ష్యం ఇచ్చాడు. ఒంగోలు అన్నయ్యగారు దీన్ని ఆలోచించాలని నా మనవి.

మూడోతరం

అక్కా, ఇది నేను ఎప్పుడూ వినలేదు. ఇంకా ఆలోచిస్తున్నాను. అయితే తెలియని మేలుకు ప్రేమ ఎలా పుడుతుంది? ఏ రాయి తీశాడో నాకు చూపించేదెవరు?

ఆసక్తితో చదివేవాణ్ణి

నేను క్రైస్తవుణ్ణి కాను. ఒక స్నేహితుడు పిలిస్తే వచ్చి చదువుతున్నాను. మీ అందరి మాటల్లో నాకు ఒకటి అర్థం కావడం లేదు. మేలు చేశాడు కాబట్టి ప్రేమిస్తున్నాం అంటున్నారు. అది ప్రేమా, ఋణం తీర్చుకోవడమా? భాగవతంలో నరసింహస్వామి వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు, లాభం ఆశించి స్వామిని కొలిచేవాడు సేవకుడు కాదు వర్తకుడు అంటాడు. ప్రేమకు కారణం ఉంటే, ఆ కారణం పోయిన రోజున ప్రేమ కూడా పోవాలి కదా. ఇంకొకటి. కరువు రోజుల్లో గంజి పోసి మతంలో కలుపుకున్నారని మా పెద్దలు అనేవారు. గొడవ పెట్టుకోవడానికి అడగడం లేదు. కృతజ్ఞతకూ ప్రేమకూ మధ్య గీత మీరు ఎక్కడ గీస్తారో తెలుసుకోవాలని ఉంది.

ఒంగోలు బాప్టిస్టు

అన్నా, మంచి ప్రశ్న అడిగారు. రెండోదానికి ముందు చెప్తాను, అది మా ఊరి చరిత్ర కాబట్టి.

1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇచ్చారు. పని చేసేచోట ప్రసంగాలు జరిగాయి, నమ్ముతామని వేలమంది వచ్చారు. అప్పుడాయన బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం పంచుతున్న నెలలన్నీ ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు పని ముగిశాక, పంచడానికి ఇంక డబ్బు లేదని తెలిసీ జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులే, వంతులు వేసుకుని ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, ఊరు వెలివేసినవాళ్ళు.

వాళ్ళలో ఒక్కరి మనసులో కూడా గంజి ఆలోచన లేదని నేను ప్రమాణం చేయను. మనిషి మనసు దేవుడికే తెలుసు. కానీ గంజి ఆగిపోయాక వచ్చారన్నది జరిగిన సంగతి. ఊళ్ళో దెబ్బలు, పని పోగొట్టుకోవడం, నూతి దగ్గరికి రానివ్వకపోవడం ఎదురవుతాయని తెలిసే వచ్చారు. మీరన్న కారణం పోయాక కూడా ఉన్న ప్రేమ అది.

డోర్నకల్ ఆడపడుచు

ఆసక్తితో చదివే అన్నయ్యా, మీ మొదటి ప్రశ్న బైబిల్లో సాతాను నోటినుంచి వచ్చింది. మిమ్మల్ని తప్పుబట్టడానికి అనడం లేదు, ఆ ప్రశ్న అంత బలమైనది కాబట్టే అంటున్నాను. "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు కలవాడాయెనా?" అని యోబు గ్రంథం మొదటి అధ్యాయంలోనే అడుగుతాడు. అన్నీ పోగొట్టుకున్నా దేవుణ్ణి వదలని యోబు కథే, ఆ గ్రంథమంతా, దానికి జవాబు.

ఋణం తీర్చుకోవడం గురించి నాకు 116వ కీర్తన ఎప్పుడూ గుర్తొస్తుంది. "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేను ఆయనకేమి చెల్లించుదును?" అని అడుగుతాడు భక్తుడు. మనం అనుకునే జవాబు బలి ఇస్తాను, సొమ్ము ఇస్తాను అని. అతను మొదట చెప్పింది మాత్రం, "రక్షణపాత్రను చేతపుచ్చుకొని" ఆయన నామాన ప్రార్థన చేస్తానని. చెల్లించడానికి బయలుదేరినవాడు మళ్ళీ చెయ్యి చాపి పుచ్చుకుంటున్నాడు! మొక్కుబళ్ళు ఆ తర్వాత వస్తాయి. మాఫీ అయిన అప్పుకు వాయిదాలు కట్టేవాడు మాఫీని నమ్మనివాడు. ప్రేమించేవాడు కట్టడు, ఇస్తాడు.

ప్రహ్లాదుడి మాట గొప్పది, నేనూ గౌరవిస్తాను. వ్యాపారమంటే ముందు ఒప్పందం ఉండాలి కదా. ఇక్కడ ఒప్పందం లేదు. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడని రోమా 5లో ఉంది. అడగకముందే జరిగిపోయినదానికి బేరం పెట్టడానికి మన దగ్గర ఏముంది?

మా అమ్మమ్మ అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం అది గుడికి వెళ్ళేది. కూలి దొరకని రోజు కూడా తీసేది. ఆ పిడికెడు తగ్గితే పిల్లలకు ఎంత తగ్గుతుందో ఆమెకు తెలుసు. ఏమైనా వస్తుందని వేసిందా అంటే, ఆమెకు ఏమీ రాలేదు. రేకుల ఇంట్లోనే చనిపోయింది.

ఆసక్తితో చదివేవాణ్ణి

బేరం లేదన్న మాట నన్ను ఆపింది. క్లౌ గారు బాప్తిస్మాలు ఆపారన్నది నాకు తెలియదు. ఒప్పుకున్నానని కాదు కానీ, ఇంకా చదువుతాను.

మెతుకుసీమ

మా తాన ఇంకో పరేషాన్ ఉంది, ఎవరో ఒకరు చెప్పాలె. సాక్ష్యం (ప్రభువు తమ బతుకుల చేసింది నలుగురి ముందర చెప్పుడు) చెప్పమంటే పిల్లలు లేని పాపాలు కల్పించుకుని చెప్తున్నరు. పడిలేచిన కథ లేకపోతే స్టేజీ మీద విలువ లేదని వాళ్ళకు అర్థమైపోయింది. ఒక పిల్లగాడు నన్ను నేరుగా అడిగిండు, అన్నా, కొన్నాళ్ళు లోకంల తిరిగొస్తే ప్రభువు మీద ప్రేమ ఎక్కువైతదా అని. రోమా 6 మొదటి వచనంల పౌలు అడిగిన ప్రశ్నే ఇది, కృప విస్తరించాలని పాపంల నిలిచి ఉందామా అని. ఒంగోలు అన్న చెప్పేదాంట్ల నిజం ఉన్నా, దాన్ని మైకుల చెప్పే తీరుకు ఈ ఫలం వస్తున్నది. దీనికి జవాబుదారీ ఎవరు?

మా మెదక్ సంఘాలు వెస్లియన్ మిషన్ నుంచి వచ్చినవి, గందుకే వెస్లీ సంగతి ఒకటి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ గురువు కొడుకు. తల్లి సుసన్నమ్మ ఇంట్లనే వాక్యం నేర్పింది. తను కూడా గురువై, అమెరికాల జార్జియాకు మిషనరీగా పోయి వచ్చిండు. అంత చేసినంక 1738 మే 24న లండన్‌ల ఆల్డర్స్‌గేట్ వీధి కూడికల కూసున్నడు. ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే హృదయం వెచ్చబడ్డదని రాసుకున్నడు. అప్పటికి ఆయనకు 34 ఏండ్లు. ఆయన తాగుబోతు కాదు, దొంగ కాదు. ఆ దినం ఆయనకు కొత్త పాపం ఏదీ దొరకలే. క్రీస్తును మాత్రమే నమ్ముకున్న, ఆయన నా పాపాలు తీసేసిండు అని ఎరుక కలిగింది. మూడోతరం తమ్మీ, ఏ రాయి తీసిండో చూపించేది ఎవరని అడిగినవు. ముందు ఆ రాయి తీసినాయనను చూడు. రాళ్ళ లెక్క తర్వాత.

గుంటూరు లూథరన్

మెతుకుసీమ గారు చెప్పిన ఫలం నేనూ చూశాను. గుండె తరుక్కుపోతుంది. సాక్ష్యం అంటే క్రీస్తు చేసినది చెప్పడం, నేను చేసినది కాదు. గంటసేపు పాపం వర్ణించి చివరి రెండు నిమిషాలు ప్రభువుకు ఇస్తే ఆ సాక్ష్యంలో కథానాయకుడు ఎవరు? తిమోతికి చెప్పుకోవడానికి అలాంటి కథ ఒక్కటీ లేదు. అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్న నిష్కపటమైన విశ్వాసం నీలోనూ ఉందని పౌలు రాశాడు. మూడో తరం! ఆ అబ్బాయినే పౌలు నా ప్రియకుమారుడు అన్నాడు.

మూడోతరం

మీ అందరికీ కృతజ్ఞతలు. తిమోతి కూడా మూడో తరమే అన్నది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఇప్పుడు నా అసలు బాధ చెప్తాను. నాకు తీరని అప్పు ఉందని బుద్ధికి తెలుసు. కానీ ఆరాధనలో అందరూ కన్నీళ్ళు పెట్టుకుంటుంటే నాకు రావు. ప్రార్థన చేస్తాను, కానుక ఇస్తాను, పిల్లలకు పాఠం చెప్తాను. లోపల పొడిగా ఉంటుంది. ఇది ప్రేమ అనిపించుకుంటుందా?

డోర్నకల్ ఆడపడుచు

తమ్ముడూ, యోహాను 21లో ప్రభువు పేతురును మూడుసార్లు అడిగాడు, నీవు నన్ను ప్రేమించుచున్నావా అని. పేతురు అవునన్న ప్రతిసారీ నా గొఱ్ఱెలను మేపు అన్నాడు. కన్నీళ్ళు చూపించమనలేదు. నువ్వు పిల్లలకు పాఠం చెప్తున్నావు కదా.

ఒంగోలు బాప్టిస్టు

అక్కా, ఇక్కడ ఒప్పుకోను. ప్రకటన 2లో ఎఫెసు సంఘాన్ని చూడండి. క్రియలున్నాయి, కష్టముంది, సహనముంది. దొంగ అపొస్తలుల్ని పరీక్షించి పట్టుకున్నారు. ప్రభువు అవన్నీ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి" అన్నాడు. దీపస్తంభాన్నే తీసేస్తానన్నాడు. పని జరుగుతోంది కాబట్టి ప్రేమ ఉన్నట్టే అని మనం ఆ అబ్బాయికి ధైర్యం చెప్పకూడదు. పొడిగా ఉందని వాడికే తెలుస్తోంది, ఆ తెలియడం దేవుడు ఇచ్చిందే. దాన్ని మనం నిద్రపుచ్చొద్దు.

డోర్నకల్ ఆడపడుచు

నిద్రపుచ్చడం లేదు అన్నయ్యా. ఆ తర్వాతి వచనం కూడా చదవండి. ఎక్కడినుంచి పడ్డావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, "ఆ మొదటి క్రియలను చేయుము" అన్నాడు. వదిలేసిన ప్రేమకు ప్రభువు చెప్పిన మందులో జ్ఞాపకమూ ఉంది, క్రియలూ ఉన్నాయి. ఏడుపు వచ్చేదాకా పిల్లల పాఠం ఆపేయమని మీరూ అనరు కదా? పైగా ఈ తమ్ముడు ప్రేమను వదిలేసినవాడిలా లేడు. వెతుక్కుంటున్నవాడిలా ఉన్నాడు.

ఫిరంగిపురం

పొడిగా ఉండడం గురించి ఒక్క మాట. తెరేసమ్మ చివరి ఏడాదిన్నర అంతా చీకటిలోనే గడిపింది. పరలోకం ఉందన్న ఆనందమే ఆమెకు మూసుకుపోయింది. అయినా తను నమ్మాలనుకున్నదాన్ని నమ్ముతూనే ఉంది, తోటి అక్కలకు సేవ చేస్తూనే ఉంది. కన్నీళ్ళు వరం. రాకపోతే అడగండి. రానందుకు మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

ఒంగోలు బాప్టిస్టు

అక్కలిద్దరూ చెప్పినదాంట్లో అడగండి అన్నమాట పట్టుకుంటాను. తమ్ముడూ, అడుగు. రాత్రులు మేలుకుని అడుగు. నేనూ నీకోసం అడుగుతాను.

మా సంఘంలో ఒకటి చేద్దామనుకుంటున్నాను. సాక్ష్యాల ఆదివారం ఈసారి నాలాంటివాళ్ళని కాకుండా, విశ్వాసుల ఇంట పుట్టినవాళ్ళని నిలబెట్టి, ప్రభువు నిన్ను దేనినుంచి తప్పించాడో చెప్పమని అడుగుతాను. మా పాస్టర్‌గారు ఒప్పుకుంటారనే నమ్మకం ఉంది.

గుంటూరు లూథరన్

మంచి ఆలోచన, కానీ ప్రశ్న మార్చండి సోదరా. దేనినుంచి తప్పించాడని అడిగితే వాళ్ళు పక్కింటివాళ్ళ పాపాలతో తమను పోల్చుకుని చెప్తారు, మళ్ళీ సీమోను పక్కనే కూర్చుంటారు. క్రీస్తు నీకు ఎవరు అని అడగండి.

ఒంగోలు బాప్టిస్టు

అలా అడిగితే నేర్చుకున్న జవాబే వస్తుంది అయ్యగారూ. సండే స్కూల్లో అందరికీ కంఠతా వచ్చినదే చెప్తారు. నేను రెండూ అడుగుతాను. ముందు మీ ప్రశ్న, తర్వాత నాది.